రోబోవార్ బాట్‌కి రిలేతో కిల్ స్విచ్: ఎన్‌ఓ వాడాలా ఎన్‌సీ వాడాలా, వైరింగ్ ఒకసారి చూడండి

స్పిన్నర్15

అందరికీ నమస్తే. మేం ఇంజినీరింగ్ సెకండియర్, 15 కేజీల కేటగిరీకి బాట్ కడుతున్నాం, ముందు వైపు అడ్డంగా తిరిగే బార్ వెపన్. బ్యాటరీ 6ఎస్ లైపో 5000 ఎంఏహెచ్, అంటే 22.2 వోల్టులు, ఫుల్ ఛార్జ్‌లో 25.2. వెపన్‌కి బ్రష్‌లెస్ మోటార్, 100 ఆంప్స్ ఈఎస్‌సీ (మోటార్ స్పీడ్ కంట్రోలర్). డ్రైవ్‌కి రెండు 24 వోల్టుల గేర్ మోటార్లు, సేబర్‌టూత్ 2x32 డ్రైవర్. రిమోట్ ఫ్లైస్కై ఐ6, దాంతో వచ్చిన ఐఏ6బీ రిసీవర్.

మేం వెళ్లే ఫెస్ట్ రూల్‌బుక్‌లో బయట నుంచి చేతికి అందే కిల్ స్విచ్ ఉండాలి, రిమోట్ నుంచి కూడా బాట్ ఆగాలి అని ఉంది. అందుకని మా ప్లాన్ ఏంటంటే రిమోట్‌లో ఒక టాగిల్ స్విచ్‌ని ఐదో ఛానెల్‌కి పెట్టి, ఆ సిగ్నల్ ఆర్డుయినో నానో (చిన్న కంట్రోలర్ బోర్డు) చదివి, నీలం రంగు నాలుగు రిలేల బోర్డు ఉంటుంది కదా 5 వోల్టులది, దాన్ని ఆపరేట్ చేస్తుంది. ఒక్కో రిలే 10 ఆంప్స్ కాబట్టి నాలుగూ పారలల్‌లో పెడితే 40 ఆంప్స్ వస్తుందని లెక్క. బ్యాటరీ ప్లస్ వైర్‌ని రిలే ఎన్‌సీ కాంటాక్ట్ (కాయిల్‌కి కరెంట్ లేనప్పుడు మూసి ఉండేది) గుండా తీసుకెళ్తున్నాం, ఎందుకంటే మ్యాచ్ మొత్తం కాయిల్‌కి కరెంట్ ఇస్తూ కూర్చోకుండా కిల్ కొట్టినప్పుడు మాత్రమే రిలే లాగితే చాలు కదా. రిసీవర్‌కి, నానోకి పవర్ సేబర్‌టూత్ మీద వచ్చే 5 వోల్టుల నుంచే తీసుకుంటున్నాం.

ఇది కరెక్టేనా? ఇంకోటి, రిలే ఉన్నాక మళ్లీ విడిగా చేత్తో లాగి బ్యాటరీని విడగొట్టే లింక్ కూడా పెట్టాలా? లోపల జాగా చాలా తక్కువ ఉంది.

కోఠీ వైరింగ్

తమ్మీ, ముందుగాల ఆ ఎన్‌సీ తీసెయ్. దాని తర్వాతనే మిగతా ముచ్చట.

నువ్వు చెప్పిన వైరింగ్‌ని కాగితం మీద ఒక్కసారి నడిపించి చూడు. కిల్ కొట్టినవ్, రిలే లాగింది, ఎన్‌సీ తెరుచుకుంది, సేబర్‌టూత్‌కి పవర్ పోయింది. సేబర్‌టూత్‌కి పోతే దాని 5 వోల్టులు పోతయ్, అవి పోతే నానో సస్తది, రిలే కాయిల్‌కి కూడా కరెంట్ ఉండదు. కాయిల్ వదిలేస్తే ఎన్‌సీ మళ్లా మూసుకుంటది, బాట్‌కి మళ్లా పవర్ వస్తది. అంటే కిల్ కొట్టినంక బాట్ దానంతట అదే లేస్తది. ఎవరన్న దగ్గరకి పోయి వంగి చూస్తున్నప్పుడు గిట్ల అయితే ఏమైతదో ఆలోచించు.

అది ఒక్కటే గాదు. రిసీవర్ వైర్ ఊడింది, నానోకి పవర్ పోయింది, కాయిల్ వైర్ తెగింది, దెబ్బకి బోర్డు పగిలింది అనుకో, నీ ప్లాన్‌ల వీటన్నిట్ల బాట్ ఆన్‌లనే ఉంటది, నీ చేతిల కిల్ ఉండదు. ఎన్‌ఓ (కాయిల్‌కి కరెంట్ లేనప్పుడు తెరిచి ఉండే కాంటాక్ట్) వాడితే ఇవన్నీ ఉల్టా అయితయ్, ఏది తెగినా పవర్ కట్. కాయిల్‌కి కరెంట్ ఉన్నంతసేపే బాట్ బతుకుతది. మ్యాచ్ మొత్తం కాయిల్ తాగే కరెంట్ గురించి ఫికర్ చెయ్యకు, 24 వోల్టుల కార్ టైపు రిలే అయితే 75 మిల్లీఆంప్స్ అటిటు ఉంటది, మూడు నిమిషాల మ్యాచ్‌కి అది 4 ఎంఏహెచ్ కూడా గాదు. నీ దగ్గర 5000 ఉన్నయ్.

రెండోది, రిసీవర్‌కి, నానోకి పవర్ రిలేకి ముందే తీసుకోవాలె. రిలే తర్వాత తీసుకుంటే ఎన్‌ఓ పెట్టినంక అసలు బాట్ స్టార్టే కాదు, రిలే పడాలంటే నానోకి పవర్ కావాలె, నానోకి పవర్ రావాలంటే రిలే పడాలె. 6ఎస్ తట్టుకునే చిన్న 5 వోల్టుల బీఈసీ (బ్యాటరీ వోల్టేజ్‌ని 5కి దించే బోర్డు) ఒకటి విడిగా కొనుక్కో, డ్రోన్ సామాన్లు అమ్మే కాడ దొరుకుతది, హైదరాబాద్ వస్తే కోఠీ గుజరాతీ గల్లీల అడుగు.

ఆర్క్‌గ్యాప్

పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను పవర్ ఎలక్ట్రానిక్స్ వైపు మనిషిని కాబట్టి ఆ నీలం బోర్డు సంగతి చెప్తాను, దాన్ని మీరు మెయిన్ పవర్‌లో అస్సలు పెట్టకండి.

ఆ రిలే మీద ఏం రాసుందో చదవండి, 250 వోల్ట్స్ ఏసీకి 10 ఆంప్స్, 30 వోల్ట్స్ డీసీకి 10 ఆంప్స్. ఏసీకి 250 దాకా తట్టుకునేది డీసీ వచ్చేసరికి 30కే ఎందుకు ఆగిపోయింది? మన ఇంటి కరెంట్ 50 హెర్ట్జ్, సెకనుకి వంద సార్లు సున్నా దాటుతుంది, కాంటాక్ట్ తెరుచుకున్నప్పుడు పుట్టిన ఆర్క్ (గ్యాప్‌లో ఆగకుండా మండే స్పార్క్) ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. బ్యాటరీ డీసీకి సున్నా అనేదే రాదు, కాంటాక్టులు తగినంత దూరం జరిగేదాకా ఆర్క్ మండుతూనే ఉంటుంది, మోటార్ లాంటి ఇండక్టివ్ లోడ్ అయితే ఇంకా మొండిగా మండుతుంది. ఆ వేడికి కాంటాక్ట్ మీద లోహం కరిగి రెండూ అతుక్కుపోతాయి. అలా వెల్డ్ అయిన రిలే ఎన్‌ఓ అయినా ఇంకేదైనా సరే, కాయిల్‌కి కరెంట్ తీసేసినా తెరుచుకోదు. మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది, రిలే ఎంత మంచిదైనా అతుక్కుపోయే అవకాశం ఉన్న వస్తువు, కాబట్టి చేత్తో లాగే లింక్ ఉండి తీరాలి.

నాలుగు పారలల్‌లో పెడితే 40 అన్న లెక్క కూడా పనిచేయదు. నాలుగు రిలేలూ ఒకే క్షణంలో తెరుచుకోవు, కొన్ని మిల్లీసెకన్ల తేడా ఉంటుంది, చివర తెరుచుకునేదాని మీద మొత్తం కరెంట్ పడుతుంది. మూసుకునేటప్పుడూ అంతే, మొదట మూసుకున్నది ఒక్కటే దెబ్బంతా తింటుంది. ఆర్క్ తగ్గించాలంటే కాంటాక్టులని సిరీస్‌లో పెట్టాలి, అప్పుడు ఆర్క్ వోల్టేజ్ రెండు గ్యాపుల మధ్య పంచుకుంటుంది. కరెంట్ రేటింగ్ పెరగాలంటే మాత్రం పెద్ద రిలే కొనడం ఒక్కటే దారి.

మీరు ఆన్ చేసేటప్పుడు జరిగేది కూడా చూడాలి. ఈఎస్‌సీ ఇన్‌పుట్ దగ్గర పెద్ద కెపాసిటర్లు ఉంటాయి, ఖాళీగా ఉన్నవాటికి ఒక్కసారిగా 25 వోల్టులు తగిలితే ఒక్క క్షణం వందల ఆంప్స్ లాగేస్తాయి. బ్యాటరీ ప్లగ్ పెట్టినప్పుడు టప్పుమని స్పార్క్ వస్తుందే, అదే. చాలా రిలేలు ఆపేటప్పుడు కాకుండా ఆన్ చేసేటప్పుడే అతుక్కుంటాయి. రిలే కాంటాక్ట్ చుట్టూ ఒక రెసిస్టర్‌తో ముందుగా కెపాసిటర్లు నింపే ప్రీఛార్జ్ ఏర్పాటు చేయొచ్చు, కానీ ఆ రెసిస్టర్‌ని శాశ్వతంగా అక్కడే వదిలేస్తే కిల్ కొట్టిన తర్వాత కూడా దాని గుండా ఈఎస్‌సీకి వోల్టేజ్ వెళ్తూనే ఉంటుంది, ఇన్‌స్పెక్షన్‌లో ఎవరూ ఒప్పుకోరు. దానికి బదులు యాంటీ స్పార్క్ రకం ఎక్స్‌టీ90 కనెక్టర్‌ని లింక్‌గా వాడి, రిలే ఆన్‌లో ఉండగా లింక్ పెట్టే పద్ధతి గురించి ఎవరైనా చెప్తే వద్దనండి, ఎందుకంటే చెయ్యి లోపల ఉండగా వెపన్‌కి పవర్ వచ్చేస్తుంది.

స్పిన్నర్15

చాలా థాంక్స్ అన్నా, ఆర్క్‌గ్యాప్ గారూ. ఎన్‌సీ సంగతి మా టీమ్ అందరికీ బోర్డు మీద గీసి చూపించా, అర్థమైంది. అయితే నీలం బోర్డు తీసేసి ఆటో ఎలక్ట్రికల్ షాపులో దొరికే హారన్ రిలే పెడితే? దాని మీద 12 వోల్ట్స్ 40 ఆంప్స్ అని ఉంది. లేదా బైక్ సెల్ఫ్ స్టార్ట్‌కి వాడే రిలే, అది ఇంకా ఎక్కువ కరెంట్ తట్టుకుంటుంది అంటున్నారు.

వెడ్జ్ బాట్

బ్రో బైక్ స్టార్టర్ రిలే వద్దు, అది కొన్ని సెకన్లు పనిచేయడానికి చేసిన కాయిల్, బటన్ నొక్కి బండి స్టార్ట్ అవ్వగానే వదిలేస్తాం కదా, మ్యాచ్ మొత్తం ఆన్‌లో ఉంచితే కాయిల్ కాలిపోయే ఛాన్స్ ఉంది. అలాంటి సైజులో కావాలంటే కంటిన్యూయస్ డ్యూటీ అని స్పష్టంగా రాసున్నదే కొనాలి, ఫోర్క్‌లిఫ్టుల్లో గోల్ఫ్ కార్టుల్లో వాడే డీసీ కాంటాక్టర్లు (పెద్ద రిలేలు) అలాంటివే, కాకపోతే బరువు. 15 కేజీల బాట్‌లో దానికే అర కేజీ దాకా పోతే ఆర్మర్ ఎక్కడ తగ్గిస్తారు?

హారన్ రిలే 40 ఆంప్స్ అనేది 14 వోల్టుల దగ్గర. మీది 25. లారీలకి వాడే 24 వోల్టుల రిలే చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది కానీ దాని మీద చూస్తే సాధారణంగా 20 ఆంప్స్ దగ్గరే ఉంటుంది, ఆర్క్‌గ్యాప్ గారు చెప్పిన కారణం వల్లే. మీ వెపన్ స్పిన్ అప్‌లో ఎంత లాగుతుందో మీటర్ పెట్టి చూశారా? 100 ఆంప్స్ ఈఎస్‌సీ పెట్టారంటే 20 ఆంప్స్ రిలే దానికి ఎటూ చాలదు.

అసలు నేను చెప్పాల్సింది వేరే ఉంది. మీది హారిజాంటల్ స్పిన్నర్, తగిలిన ప్రతిసారీ ఎదుటోడికి ఎంత దెబ్బో మీ ఫ్రేమ్‌కీ అంతే. రిలే లోపల ఉండేది ఒక స్ప్రింగు, ఒక కదిలే ఆర్మేచర్. మామూలు రిలేల డేటాషీట్‌లో షాక్ రేటింగ్ పది ఇరవై జీ దగ్గర ఉంటుంది, రింగులో వచ్చే షాక్ దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. దెబ్బ తగిలిన క్షణంలో కాంటాక్ట్ ఒక్క మిల్లీసెకను ఎగిరినా లోడ్‌లో ఆర్క్ వస్తుంది, ఇంకొంచెం ఎక్కువసేపు ఎగిరితే ఈఎస్‌సీ రీసెట్ అయ్యి మళ్లీ ఆర్మ్ అయ్యేదాకా మీ వెపన్ చచ్చినట్టే, ఆ రెండు మూడు సెకన్లు చాలు ఎదుటోడికి. నా ఓటు అయితే మెయిన్ పవర్‌లో రిలేనే వద్దు. చేత్తో లాగే లింక్ ఒకటి, రిమోట్ ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే అన్నీ ఆగిపోయే సెట్టింగ్) ఒకటి, అంతే. బీటిల్‌వెయిట్ లాంటి చిన్న కేటగిరీల్లో చాలామంది ఇలాగే నడుపుతారు.

కోఠీ వైరింగ్

వెడ్జ్ భయ్యా చెప్పినదాంట్ల షాక్ సంగతి కరెక్ట్, ఒప్పుకుంటా. కానీ ఫెయిల్‌సేఫ్ ఒక్కదాని మీదనే భరోసా పెట్టుడు నాకు నచ్చదు. ఈఎస్‌సీల మాస్‌ఫెట్ (కరెంట్‌ని ఆన్ ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) పోయిందంటే చాలాసార్లు షార్ట్ అయ్యే పోతది, సిగ్నల్ సున్నా ఇచ్చినా అది వినదు, డ్రైవ్ మోటార్ డ్రైవర్ల అట్ల అయితే మోటార్ ఫుల్ స్పీడ్‌ల ఉరుకుతది. బ్రష్‌లెస్‌ల ఒక ఫెట్ షార్ట్ అయితే మోటార్ తిరగదు, జామ్ అయి పొగ వస్తది, పవర్ కట్ చెయ్యకపోతే మంట. ఆ టైంల దూరం నుంచి పవర్ తీసే దారి ఒకటి కావాలె. లింక్ లాగుదామంటే తిరుగుతున్న బాట్ దగ్గరికి ఎవరు పోతరు?

కాబట్టి రిలే ఉండాలె, పెద్దది ఉండాలె, సరిగ్గ బిగించాలె. మీ వెపన్ అడ్డంగ తిరుగుతది కాబట్టి దెబ్బలన్నీ అడ్డంగనే వస్తయ్, రిలే ఆర్మేచర్ కదిలే దిక్కు నిలువుగ ఉండేటట్టు బిగించు, కింద రబ్బర్ షీట్ వెయ్యి. లగ్ టెర్మినల్స్ ఉత్తగ గుచ్చి వదిలెయ్యకు, సోల్డర్ చెయ్యి లేదంటే సాకెట్‌తో కలిపి కేబుల్ టై గట్టిగ లాగు. వైర్ 10 గేజ్ సిలికాన్.

ఇంకో మాట, ఇది అందరు మర్చిపోతరు. కిల్ కొట్టంగనే రిలే తెరవకు. ముందు వెపన్ థ్రాటిల్, డ్రైవ్ రెండూ సున్నా చెయ్యి, ఒక అర సెకను ఆగి అప్పుడు రిలే వదులు. వెపన్, డ్రైవ్ సిగ్నల్స్ కూడా నానో గుండా పోతే కోడ్‌ల ఇది చిన్న పనే. దీంతోని రెండు లాభాలు, కాంటాక్ట్ తెరుచుకునేటప్పటికి లోడ్ కరెంట్ పడిపోయి ఉంటది కాబట్టి ఆర్క్ ఉండదు, రెండోది సేబర్‌టూత్ స్పీడ్ తగ్గించేటప్పుడు మోటార్ నుంచి వచ్చే కరెంట్‌ని బ్యాటరీకే వెనక్కి తోస్తది, ఆ టైంల రిలే తెరిచి ఉంటే ఆ కరెంట్‌కి పోయే దారి లేక వోల్టేజ్ పైకి లేచి బోర్డే పోతది.

సేఫ్టీ టేబుల్

నేను కొన్ని ఫెస్టుల్లో ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర వాలంటీర్‌గా కూర్చుంటాను, అటువైపు నుంచి చెప్తాను. రిలే ఉంది కదా లింక్ ఎందుకు అని మమ్మల్ని అడిగే టీమ్స్ చాలా ఉంటాయి. అమెరికాలో చాలా ఈవెంట్లు పాటించే స్పార్క్ (ఎస్‌పీఏఆర్‌సీ) అనే రోబో ఫైటింగ్ రూల్స్‌లో ఈ విషయం సూటిగా రాసి ఉంది, పవర్ కంట్రోల్‌కి రిలే వాడుకోవచ్చు కానీ దాంతో పాటు మెకానికల్ డిస్కనెక్ట్ కూడా ఉండాలి అని. చేత్తో తీసే ఆ డిస్కనెక్ట్‌తో బాట్ మొత్తం 60 సెకన్లలోపు ఆగిపోవాలని, మెయిన్ పవర్ ఆన్‌లో ఉందని తెలిసేలా బయటికి కనపడే లైట్ ఉండాలని కూడా అందులో ఉంది. మీ రూల్‌బుక్ మాటలు వేరేగా ఉండొచ్చు, అడిగే విషయం మాత్రం ఇదే.

స్పిన్నర్ కడుతున్న తమ్ముళ్లకి ఒక లెక్క చెప్తాను, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రెండు కేజీల బార్, 40 సెంటీమీటర్ల పొడవు, నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే దానిలో దాచుకున్న శక్తి సుమారు 1300 జౌల్స్. మీ 15 కేజీల బాట్ మొత్తాన్ని 9 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు మూడో అంతస్తు నుంచి కింద పడేస్తే నేలకి తగిలే శక్తి అది. కిల్ కొట్టి పవర్ తీసేశాక కూడా ఆ శక్తి బార్‌లోనే ఉంటుంది, రిలే దాన్ని ఆపదు. పైగా పవర్ పూర్తిగా తీసేస్తే ఈఎస్‌సీ బ్రేక్ కూడా పనిచేయదు. కాబట్టి కిల్ వేరు, వెపన్ ఆగడం వేరు. కళ్లతో చూసి బార్ నిలబడింది అని నిర్ధారించుకున్నాకే ఎవరైనా రింగులోకి అడుగుపెట్టాలి.

మేం టేబుల్ దగ్గర చేయించే టెస్ట్ మీరు హాస్టల్‌లోనే చేసుకొని రండి. బార్ విప్పేసి లేదా బెల్ట్ తీసేసి, చక్రాలు గాల్లో ఉండేలా బాట్‌ని స్టాండ్ మీద పెట్టి, నడుస్తుండగా రిమోట్ ఆఫ్ చేయండి. రిలే టక్ మని పడాలి, చక్రాలు ఆగాలి. తర్వాత నడుస్తుండగా రిసీవర్ ప్లగ్ పీకండి, మళ్లీ అదే జరగాలి. తర్వాత నానో రీసెట్ బటన్ నొక్కి పట్టుకోండి. మూడిట్లో ఏ ఒక్కదాంట్లో చక్రం తిరిగినా బాట్ రింగులోకి వెళ్లదు. సిగ్నల్ పోయినప్పుడు కొన్ని రిసీవర్లు చివరి విలువనే పట్టుకొని కూర్చుంటాయి, కొన్ని పల్స్ ఆపేస్తాయి, మీది ఏం చేస్తుందో చూసి తెలుసుకోవాలి. ఫ్లైస్కైలో సిస్టమ్ మెనూలో ఆర్‌ఎక్స్ సెటప్ లోపల ఫెయిల్‌సేఫ్ ఉంటుంది, ఐదో ఛానెల్‌ని ఆఫ్ వైపు పెట్టి సేవ్ చేయండి, వెపన్ ఛానెల్‌ని కూడా.

స్పిన్నర్15

అందరూ ఇంత టైం పెట్టి రాసినందుకు చాలా చాలా థాంక్స్. మా టీమ్ కూర్చొని ప్లాన్ మార్చాం, ఇలా ఉంది. బ్యాటరీ ప్లస్, వెంటనే లింక్, అక్కడి నుంచి ఒక సన్న వైర్ ఫ్యూజ్‌తో బీఈసీకి, అది రిసీవర్‌కి నానోకి. లింక్ తర్వాత లావు వైర్ 24 వోల్టుల కంటిన్యూయస్ డ్యూటీ కాంటాక్టర్ ఎన్‌ఓ గుండా ఈఎస్‌సీకి, సేబర్‌టూత్‌కి. 150 ఆంప్స్‌ది చూశాం, బరువు కోసం వెనక ప్లేట్‌కి రంధ్రాలు కొడుతున్నాం. కాయిల్‌ని నానో నుంచి ఐఆర్‌ఎఫ్‌జెడ్44 మాస్‌ఫెట్‌తో ఆపరేట్ చేద్దామని. కాయిల్ ఆపినప్పుడు వచ్చే వోల్టేజ్ దెబ్బ మాస్‌ఫెట్‌కి తగలకుండా పెట్టే 1ఎన్4007 డయోడ్ కాయిల్‌కి ఎటు తిప్పి పెట్టాలి? కాంటాక్టర్ కరెంట్ ఎక్కువ లాగుతుంది కదా, అదే డయోడ్ సరిపోతుందా? లింక్ ఎక్కడ పెడితే మంచిది?

ఆర్క్‌గ్యాప్

ఇప్పుడు బాగుంది. డయోడ్ మీద తెల్ల గీత ఉన్న వైపు కాయిల్ ప్లస్‌కి, రెండో వైపు మాస్‌ఫెట్ డ్రెయిన్ వైపుకి. తిప్పి పెడితే మాస్‌ఫెట్ ఆన్ అవ్వగానే డయోడ్ గుండా షార్ట్ అవుతుంది. కాయిల్ ఒక ఆంప్ లోపు లాగితే 4007 చాలు, ఆ సైజు కాంటాక్టర్లలో చాలావాటికి చాలుతుంది, కొన్నాక కాయిల్ రెసిస్టెన్స్ మల్టీమీటర్‌తో కొలిచి 25ని దాంతో భాగించి చూసుకోండి. ఒక్క విషయం, ఉత్త డయోడ్ పెడితే కాయిల్ కరెంట్ నెమ్మదిగా చస్తుంది, దాంతో కాంటాక్ట్ కూడా నెమ్మదిగా తెరుచుకుంటుంది, ఆర్క్‌కి అది మంచిది కాదు. డయోడ్‌తో సిరీస్‌లో 24 వోల్టుల జీనర్ ఒకటి ఎదురు దిశలో పెడితే చాలా వేగంగా వదులుతుంది, మీ ఫెట్ 55 వోల్టులది, బ్యాటరీ 25, జీనర్ 24 కలిపితే 50 దాకా వస్తుంది, పనిచేస్తుంది కానీ మార్జిన్ తక్కువ, 15 వోల్టుల జీనర్ పెట్టుకోండి.

ఐఆర్‌ఎఫ్‌జెడ్44 కాదు, ఐఆర్‌ఎల్‌జెడ్44 అడగండి, మధ్యలో ఎల్ ఉండాలి. ఎఫ్ ఉన్నది 5 వోల్టుల గేట్‌కి పూర్తిగా ఆన్ అవుతుందని గ్యారెంటీ లేదు, షాపులో రెండూ ఒకటే అని ఇచ్చేస్తారు. గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్స్ రెసిస్టర్ మర్చిపోవద్దు, నానో రీసెట్‌లో ఉన్నప్పుడు పిన్ గాల్లో ఉంటుంది, ఆ రెసిస్టర్ లేకపోతే ఫెట్ ఏం చేస్తుందో చెప్పలేం. కోడ్‌లో రిసీవర్ నుంచి వచ్చే పల్స్ 1700 మైక్రోసెకన్లు దాటితేనే ఆన్, పల్స్ అసలు రాకపోతే ఆఫ్, అలాగే పవర్ వచ్చిన వెంటనే స్విచ్ ఆన్ పొజిషన్‌లో ఉంటే రిలే వేయొద్దు, ఒకసారి ఆఫ్ చూసిన తర్వాతే ఆన్ ఒప్పుకోవాలి. నానోలో వాచ్‌డాగ్ (కోడ్ హ్యాంగ్ అయితే నానోని రీసెట్ చేసేది) కూడా ఎనేబుల్ చేయండి.

కాంటాక్టర్‌కి రెండు వైపులా ఒక్కో ఎల్‌ఈడీ పెట్టండి, 4.7 కిలోఓమ్స్ రెసిస్టర్‌తో. ముందు వైపుది వెలిగితే లింక్ ఉన్నట్టు, వెనక వైపుది వెలిగితే ఈఎస్‌సీకి పవర్ ఉన్నట్టు. కిల్ కొట్టాక కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా కొన్ని సెకన్లు వెనకది వెలిగి ఆరిపోతుంది, ఆరకుండా అలాగే ఉంటే కాంటాక్ట్ అతుక్కుంది.

సేఫ్టీ టేబుల్

లింక్ విషయం నేను చెప్తాను. వెపన్‌కి సరిగ్గా ఎదురుగా, వెనక ప్లేట్ పైన పెట్టండి, చెయ్యి బార్ తిరిగే వృత్తంలోకి ఏ రకంగానూ వెళ్లకూడదు. బాట్ తిరగబడి పడినా అందాలి, మీది ఇన్వర్టబుల్ (తిరగబడినా నడిచేది) అయితే పైనా కిందా రెండు వైపుల నుంచీ అందే స్లాట్ కొట్టండి. ఎక్స్‌టీ90 మగ కనెక్టర్‌కి రెండు పిన్నులూ లావు వైర్‌తో లూప్ చేసి, బ్యాటరీ వైపు ఆడ కనెక్టర్ ఉంచండి, బ్యాటరీ వైపు మగది పెడితే లింక్ తీసినప్పుడు బయటికి పొడుచుకొచ్చిన పిన్ను మీద వోల్టేజ్ ఉంటుంది, ఫ్రేమ్‌కి తగిలితే షార్ట్. లూప్ మీద ఎర్ర టేప్ చుట్టండి, గ్లౌజ్ వేసుకున్న వేలు దూరేంత పెద్దగా ఉండాలి. కనెక్టర్ బిగుతుగా ఉంటే బాట్ కదలకుండా లాగడం కష్టం, ఇంట్లో పదిసార్లు పెట్టి తీసి వదులు చేసుకోండి, కానీ దెబ్బకి ఊడిపోకుండా పైన ఒక వెల్క్రో పట్టీ.

ఆన్ చేసే క్రమం: రిమోట్ ఆన్, కిల్ స్విచ్ ఆఫ్ వైపు (అంటే కాంటాక్టర్ తెరిచి ఉండే వైపు), వెపన్ లాక్ పిన్ పెట్టి ఉండగా లింక్, ముందు ఎల్‌ఈడీ మాత్రమే వెలిగిందని చూసుకోవడం, పిన్ తీసి బయటికి రావడం, తలుపు మూశాక కిల్ స్విచ్ ఆన్. ఆపేటప్పుడు కిల్ ఆఫ్, బార్ నిలబడేదాకా ఆగడం, వెనక ఎల్‌ఈడీ ఆరిందని చూడటం, లాక్ పిన్, తర్వాత లింక్. టీమ్‌లో పిన్, లింక్ పని ఎప్పుడూ ఒక్క మనిషే చేయాలి, రిమోట్ పట్టుకున్నవాళ్లు కాకుండా.

వెడ్జ్ బాట్

150 ఆంప్స్ కాంటాక్టర్ పెడుతున్నారు కాబట్టి నా అభ్యంతరం సగం పోయింది. బరువు తూచి చూసి చెప్పండి బ్రో, 15 దాటితే డ్రైవ్‌ని కాంటాక్టర్ బయట పెట్టి వెపన్‌కి మాత్రమే చిన్న సైజుది వాడొచ్చు, కాకపోతే అప్పుడు డ్రైవ్‌కి రిమోట్ కట్ ఉండదు, మీ రూల్‌బుక్ ఒప్పుకుంటుందో లేదో ముందే ఆర్గనైజర్లకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి.